జపాను దారుముద్రా చిత్రములు: పరిగ్రహమా, రసాస్వాదనమా?

జపాను ప్రకృతి దృశ్యములను కొయ్యపలకలపై చెక్కి ముద్రించిన చిత్రములకు నేడు అనేక దేశములలో సంగ్రాహకులు గలరు. వారిలో పెక్కురు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ‘ఇది తొలి ముద్రణమా, అనంతర ముద్రణమా?’ ధనము వెచ్చించువాడు వంచితుడు కాకుండుటకు ఆ ప్రశ్న యుక్తమే. కాని అదియే చివరి ప్రశ్న కూడ అయినచో అచ్చట పరిగ్రహమే మిగులును, రసాస్వాదనము లోపించును.

ఏలయన, ఈ కళలో ‘ఏకైక మూలము’ అనునది లేదు. చిత్రకారుడు రేఖలు గీయును. దారుశిల్పి వానిని చెర్రీ కొయ్యపలకలపై చెక్కును. ముద్రకుడు పలకకు రంగు పూసి, కాగితము పరచి, వెదురుపొర చుట్టిన ‘బారెన్’ అను సాధనముతో వెనుకనుండి రుద్దును. ప్రచురణకర్త ఈ మువ్వురి శ్రమను సమన్వయించును. ఆకాశపు నీలిమ క్రమముగా పలుచనగు ‘బొకాషి’ ఛాయ పలకలో చెక్కబడి యుండదు. ప్రతిసారియు ముద్రకుని హస్తమే దానిని నూతనముగా కల్పించును. కనుక ఒకే పలకనుండి వెలువడిన రెండు ప్రతులు సైతము సర్వథా సమానములు కావు. హిరోషిగె 1830ల దశకమున రచించిన టొకైడో మార్గపు మజిలీల చిత్రములు సామాన్యజనులు అల్పమూల్యమునకు కొనినవే.

మరి నేటి అధికమూల్యమునకు హేతువేమి? పెక్కు సందర్భములలో దుర్లభత్వమే. 1923 సెప్టెంబరు 1న సంభవించిన మహాభూకంపమున చెలరేగిన అగ్నిలో ప్రచురణకర్త వతనబె షోజబురో దుకాణమందలి పలకలు, ప్రతులు భస్మమైనవి. చిత్రకారుడు కవాసె హసుయి రేఖాచిత్ర పుస్తకములును దగ్ధమైనవి. నాటినుండి భూకంపపూర్వ ముద్రణములు విశేషముగా వెలపొందుచున్నవి. ఆ వెలను పెంచినది అగ్ని, సౌందర్యము కాదు. హసుయి మరల యాత్రకు వెడలి చిత్రించెను. హిమపాతమున ఎర్రని ఆలయద్వారము, దాని ముందు గొడుగుతో నడచు వనిత గల ‘షిబాలోని జోజోజి’ 1925 నాటిది. అగ్నికి తరువాత పుట్టినదను కారణమున దాని శోభ తగ్గునా?

ప్రాచీన ప్రతులకు వెలుతురే శత్రువు. వానిలోని కొన్ని ఓషధివర్ణములు కాంతి సోకి వెలిసిపోవును. కనుక వానిని చీకటిలో భద్రపరచి, అప్పుడప్పుడు మాత్రమే తీసి ఏకాగ్రతతో దర్శింపవలెను. నిత్యదర్శనమునకు గోడపై నూతన ముద్రణము చాలును. టోక్యోలోని అడాచి సంస్థ వంటి చోట్ల శిల్పులు నేటికిని ప్రాచీనపద్ధతిలో పలకలు చెక్కి ముద్రించుచున్నారు. వానిని ‘నకళ్లు’ అని తృణీకరించుట అవివేకము. కొనువారు లేనిచో నేర్చువారును ఉండరు. దగ్ధమైన పలకను మరల చెక్కవచ్చును. చెక్కెడి విద్యయే లుప్తమైనచో ఏ సంగ్రాహకుని ధనమును దానిని మరల తేజాలదు. అందుచే ప్రాచీనప్రతి ఒకటి కొనువాడు, సజీవశిల్పి ముద్రించినది మరియొకటి కొనుట ఉచితము.