ఆగినవాడి కథ ఎవరు చెబుతారు?

ఏటా ఆగస్టులో హైదరాబాదు మారథాన్ దగ్గరపడగానే నా చరవాణికి ఒకే కథ నాలుగైదు చోట్ల నుండి వచ్చి పడుతుంది. 1968 మెక్సికో ఒలింపిక్స్. టాంజానియా దేశపు జాన్ స్టీఫెన్ అఖ్వారి మారథాన్ నడుమ తోపులాటలో పడిపోయాడు. మోకాలి కీలు తప్పింది, భుజం నేలకు కొట్టుకుంది. కట్టు కట్టించుకొని, కుంటుతూ, విజేత చేరిన గంటకు పైగా గడిచాక, అందరికంటె చివర స్టేడియంలో అడుగుపెట్టాడు. కథ కింద ఒక నీతివాక్యం, దాని కింద చేతులు జోడించిన బొమ్మ.

కథ నిజమే. దానిని వాడుకుంటున్న తీరు మీదనే నా అభ్యంతరం. మిత్రులలో పరుగు అభ్యసించేవారు కొందరున్నారని తెలుసు; వారు కోపగించక చివరిదాకా చదువగలరు.

అదే రోజు, అదే బాట మీద, గాయంతో పరుగెత్తినవాడు ఇంకొకడున్నాడు. ఇథియోపియా దేశపు అబెబె బికిలా. 1960లో రోము నగరంలో పాదరక్షలు లేకుండా పరుగెత్తి స్వర్ణం గెలిచినవాడు. 1964 టోక్యోలో, అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగిన కొద్ది వారాలకే, తిరిగి గెలిచినవాడు. మెక్సికోలో కాలి గాయంతోనే బరిలో దిగి, సుమారు 17 కిలోమీటర్ల వద్ద ఆగిపోయాడు. ఆ పందెం అతని దేశస్థుడే అయిన మామో వోల్డే గెలిచాడు. బయలుదేరినవారు 75 మంది, గమ్యం చేరినవారు 57 మంది. తక్కిన 18 మందిలో బికిలా ఒకడు. ఫలితాల పట్టికలో అటువంటివారి పేరుకు ఎదురుగా ‘పూర్తి చేయలేదు’ అని అర్థం వచ్చే మూడు ఆంగ్లాక్షరాలు వేస్తారు. చేతకానివాడికైనా, ఎముక చిట్లినవాడికైనా అవే మూడక్షరాలు. రెండుమార్లు ప్రపంచాన్ని గెలిచినవాడు మూడవమారు ఆగిన కథను నాకింతవరకు ఎవరూ పంపలేదు.

తప్పు వారిది మాత్రమే కాదు. ముప్పై ఏండ్లు నేను చేసినదీ అదే. భర్తృహరి నీతిశతకంలో మనుషులను మూడు తరగతులు చేసిన శ్లోకమున్నది గదా! విఘ్నభయంతో మొదలే పెట్టనివాడు అధముడు, విఘ్నం తగిలి మానినవాడు మధ్యముడు, ఎన్ని విఘ్నాలకూ విడువనివాడు ఉత్తముడు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఆ పద్యాన్ని రాగయుక్తంగా చదివి, వెంటనే అఖ్వారి కథ చెప్పి, పిల్లల కళ్ళు మెరిస్తే పాఠం ఫలించిందనుకునేవాడిని.

ఒక ఏడు తొమ్మిదవ తరగతి కుర్రవాడొకడు జిల్లా పోటీలలో ఐదు కిలోమీటర్ల పరుగుకు ఎంపికయ్యాడు. పందేనికి ముందురోజు నా దగ్గరకు వచ్చి, మోకాలి కింద ముందువైపు ఎముక మీద ఒక్క వేలితో ఒక్క చోటు చూపించాడు. “రెండు వారాల నుంచీ ఇక్కడే నొప్పండి మాస్టారూ. ఈసారికి మానెయ్యమంటారా అండీ?” అన్నాడు. నేను పద్యం చదివాను. వాడు వెళ్ళి పరుగెత్తాడు. నాలుగవ కిలోమీటరులో కూలబడి, లేచి, కాలీడ్చుకుంటూ చేరాడు. అందరం నిలబడి చప్పట్లు కొట్టాము. నేను అందరికంటె గట్టిగా కొట్టాను.

ఎముక రాయి కాదు. పరుగు తాకిడికి లోపల కొంత కరుగుతుంది, విశ్రాంతిలో తిరిగి కట్టుకుంటుంది. కరుగుదల కట్టుబడిని మించినప్పుడు సన్నని బీట పుడుతుంది. మొదట పరుగులో మాత్రమే నొప్పి, తరువాత నడకలోనూ, ఆపైన పడుకున్నా నొప్పే. పిక్కల బడలిక కాలంతా పరుచుకొని ఉంటుంది; బీట నొప్పిని వేలితో చూపవచ్చు. అక్కడ ఆగి, ఆరు నుంచి ఎనిమిది వారాలు కాలికి విశ్రాంతినిస్తే చాలావరకు అతుక్కుంటుంది. ఆగకపోతే ఆ బీటే విరుగుడవుతుంది. ఇదంతా ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిలిం దీపానికి అడ్డుపెట్టి డాక్టరుగారు చెబుతుంటే విన్నాను. పిల్లవాడి తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. “మీ మాటంటే వాడికి గురండి మాస్టారూ” అన్నది. కట్టు విప్పేసరికి మూడు నెలలు పట్టింది. వాడు మళ్ళీ పరుగెత్తలేదు.

అఖ్వారి చేసింది తప్పా అని మీరడుగవచ్చు. కాదు. అతడు ఎదిగినవాడు, శిక్షణ పొందినవాడు. కాలు అతనిది, నిర్ణయమూ అతనిదే. ఆ కాలు కోలుకున్నది కూడా. 1970 ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడలలో అతడు మారథాన్‌లో అయిదవ స్థానం పొందాడు. ఆ సంగతి కథ పంపేవారెవరికీ పట్టదు. వారికి కుంటుతున్న అఖ్వారే కావాలి. పరాయి నొప్పి మీద నీతి పండించుకోవడం ఎంత సులువో నాకంటె బాగా ఎవరికి తెలుసు?

ఆగినవారికి మనమిచ్చే మర్యాదను 2004 ఏథెన్సులో చూశాము. బ్రిటనుకు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్ కాలి గాయంతో, దానికి వాడిన మందులతో కడుపు చెడి, సుమారు 36 కిలోమీటర్ల దగ్గర ఆగి బాట పక్కన కూర్చుని ఏడ్చింది. స్వదేశపు పత్రికలలో కొన్ని ఆమెను పిరికిదన్నట్లు రాశాయి. ఆ నవంబరులోనే ఆమె న్యూయార్క్ మారథాన్ గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకీలో ప్రపంచ విజేత అయింది.

ఇక్కడ పండితుడిగా ఒక మాట. శ్లోకంలో మధ్యములు చేసే పనికి వాడిన క్రియ ‘విరమించుట’. నేను ఉద్యోగం నుండి విరమించిననాడు శాలువా కప్పి, పూలదండ వేసి, ఫొటో తీయించారు. పదునాలుగేండ్ల పిల్లవాడు విరిగిపోబోయే కాలితో విరమిస్తానంటే మధ్యముడన్నాను! భర్తృహరి చెప్పింది కార్యానికి అడ్డుపడే విఘ్నం గురించి. కార్యం చేయవలసిన సాధనమే చెడుతుంటే దానిని విఘ్నమనడం అన్వయదోషం. కుమారసంభవంలో తపస్సు చేస్తున్న పార్వతిని మారువేషంలో వచ్చిన శివుడు, నీ శక్తికి తగినంతే చేస్తున్నావా తల్లీ అన్న ధోరణిలోనే మొదట కుశలమడుగుతాడు. ఆ సర్గా నేను పాఠం చెప్పినదే. ఆ రోజు గుర్తుకు రాలేదు.

పోయిన ఏడు ఒక పాఠశాల క్రీడోత్సవానికి పిలిచి, అఖ్వారి కథ చెప్పమన్నారు. నేను బికిలా కథ చెప్పి, వేలితో చూపగలిగిన నొప్పి ఉంటే పందెం మానుకోమని పిల్లలతో అన్నాను. వేదిక మీద ప్రధానోపాధ్యాయులవారు గడియారం చూసుకున్నారు. చప్పట్లు పలుచగా పడ్డాయి. దిగి వస్తుంటే ఒక ఆడపిల్ల పక్కకు వచ్చి, బూటు విప్పి, మడమ మీద ఒక చోట వేలు పెట్టి చూపించింది.