బాయి బట్టలు, ఇంటి చేతులు

పోయిన నెల నస్పూర్‌లో మీటింగు అయిపోయాక ఒక చెల్లె మాత్రం వెళ్లకుండా నిలబడింది. రేషన్ షాపుకు మూడుసార్లు తిరిగిందట. మిషన్ మీద వేలిముద్ర పడటం లేదు, సంఘం తరఫున ఒక కాయితం రాసివ్వమంది. చెయ్యి చూపించమన్నాను. బొటనవేలి కొన మీద గీతలే లేవు. తోలు లేచి, పగిలి, సందుల్లో నెత్తురు చెమ్మ కనిపిస్తోంది. ఏమైందని అడిగితే నవ్వింది. "ఏం గాలేదక్కా. బట్టలు పిండుడు, గిన్నెలు తోముడు, గంతే."

ఆమె భర్త ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు కార్మికుడు. ఆమె రెండు క్వార్టర్లలో పాచిపని చేస్తుంది. అంటే రోజూ మూడిళ్ల బాయి బట్టలు ఆ రెండు చేతులే ఉతుకుతాయి.

నేనూ సింగరేణి క్వార్టర్‌లో పెరిగినదాన్నే. నాయినకు బాయిలో దెబ్బ తగిలితే రాసుకునే రిజిస్టరు ఉండేది, చూపించుకునే దవాఖాన ఉండేది. అమ్మ చేతులు పగిలితే కొబ్బరినూనె ఉండేది. అమ్మల చేతులు అలాగే ఉంటాయని మేం పిల్లలం అనుకున్నాం. అవి పని వల్ల అయిన గాయాలని అమ్మ కూడా అనుకోలేదు.

ఆ గాయం ఎలా అవుతుందో తెలుసుకుందాం. మన చర్మం పైపొర కొద్దిగా ఆమ్ల గుణంతో, సన్నని జిడ్డుతో తనను తాను కాపాడుకుంటుంది. బట్టల సోడా, సర్ఫు, బట్టల సబ్బు క్షార గుణం గలవి. బొగ్గు జిడ్డును వదలగొట్టేవి చర్మపు జిడ్డునూ వదలగొడతాయి. గంటల తరబడి తడిలో నానిన చెయ్యి ఎండినప్పుడు పగులుతుంది, ఆ పగుళ్లలోంచి మందు ఇంకా లోపలికి పోతుంది. దీన్నే డాక్టర్లు కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. కొందరికి ఇది కేవలం రాపిడి, మంట. మరికొందరికి సువాసన కోసమో, నిలవ ఉండటానికో కలిపే రసాయనాలు పడవు. వాళ్లకు చిటికెడు తగిలినా దురద లేస్తుంది.

కంపెనీలు ఈ బాధనూ అమ్ముకుంటున్నాయి. 'చేతులకు మృదువు' అని అట్ట మీద ఉంటే చాలు, ధర పెరుగుతుంది. లోపల ఏముందో మాత్రం పూర్తిగా రాయరు. వస్తువు నాణ్యత, స్వచ్ఛత గురించి తెలుసుకునే హక్కు 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది, 2019 చట్టంలోనూ ఉంది. ఆ హక్కు ఉన్న మనం పొట్లం తిప్పి చూసి ఎందుకు అడగకూడదు? ఇంకో మాట. 'సహజం' అన్నదల్లా మెత్తన కాదు. బూడిద క్షారమే. నిమ్మ, చింతపండు పగిలిన చేతిని మండిస్తాయి. కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మంటో మనందరికీ తెలుసు.

కాబట్టి ఖరీదైనది కొనాలని నేను అనను. వాసన లేనిది, రంగు లేనిది, దొరికితే క్షారం తక్కువగా ఉండే ద్రవం ఎంచుకోండి. సోడా విడిగా కలపడం మానండి. బాయి బట్టలను ముందు ఉత్త నీళ్లలో నానబెట్టి మసి వదలనివ్వండి. సర్ఫును కొలిచి వేసి కట్టెతో కలపండి. ఉంగరం కింద సబ్బు నిలుస్తుంది, తీసి పెట్టండి. రబ్బరు గ్లవుజుల లోపల పల్చటి నూలువి తొడుక్కోండి. పని కాగానే వేళ్ల సందులు తుడుచుకుని నూనో వాజిలినో రాయండి. బ్లీచింగ్ పౌడర్‌నూ బాత్‌రూమ్ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకండి, వచ్చే క్లోరిన్ వాయువు ప్రాణానికే ముప్పు. మందుల షాపులో అడిగిన ట్యూబు తెచ్చి నెలల తరబడి పూయకండి. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, చర్మం ఇంకా పల్చబడుతుంది.

ఇంతవరకు చెప్పి ఆగితే ఈ భారం కూడా ఆడవాళ్ల మీదే వేసినట్టు అవుతుంది. రసాయనాలు తగిలి వచ్చే చర్మవ్యాధిని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వృత్తివ్యాధుల షెడ్యూలులో చేర్చారు. అదే పుండు ఫ్యాక్టరీలో అయితే వృత్తివ్యాధి, నల్లా దగ్గర అయితే 'గంతే'! 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో ఉన్నారు. ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు. జీతానికి ఇంటిపని చేసేవారికి కూడా భద్రమైన పనిచోటు హక్కని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికలో చెప్పింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

బొగ్గు గనుల చోట ఆడవాళ్లు ఈ ప్రశ్న ఎప్పుడో అడిగారు. 1919లో వేల్స్ నుంచి ఎలిజబెత్ ఆండ్రూస్ మరో ఇద్దరు స్త్రీలతో కలిసి లండన్‌లో శాంకీ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చింది. గని దగ్గరే స్నానపు గదులు కట్టండి, ఆ మసి మోసే చాకిరీ ఇంటి ఆడదాన్ని కూలదోస్తోంది అన్నది వాళ్ల వాదం. మన దేశంలో 1959లో బొగ్గు గనుల పిట్‌హెడ్ స్నానశాలల నియమాలు వచ్చాయి. కార్మికుడి ఒంటి మసి బాయి దగ్గరే పోవాలని ఒప్పుకున్నట్టే కదా. మరి బట్టల మసి ఎవరిది?

బాయి బట్టలు బాయి దగ్గరే ఉతికే ఏర్పాటు కావాలి. అది కాంట్రాక్టు కార్మికులకూ వర్తించాలి. యూనియన్ల కోర్కెల పత్రంలో ఈ ఒక్క వాక్యం చేర్చమని మన ఇళ్లలోని మగవాళ్లనే ముందు అడుగుదాం. అది వచ్చేదాకా ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కోవచ్చు, బాయిలో పనిచేసే చేతికి సబ్బు బరువు కాదు. పాచిపనికి పెట్టుకున్నవాళ్లు పొట్లంతో పాటు గ్లవుజులూ కొనాలి.

ఆ చెల్లెకు కాయితం రాసిచ్చాను. వేలిముద్ర పడకపోతే కంటిపాపతోనో, ఫోనుకు వచ్చే ఓటీపీతోనో బియ్యం ఇచ్చే పద్ధతి 2021లోనే తెలంగాణలో వచ్చిందని అందులో గుర్తు చేశాను. చెయ్యి కుదుటపడితే గీతలు సాధారణంగా తిరిగి వస్తాయని కూడా ఆమెకు చెప్పాను. "చెయ్యికి పని దొరకాలె, మల్ల సెలవు గూడ దొరకాలె గద అక్కా" అంది. ఈ సంచికను ఆ మాటతోనే మీ చేతిలో పెడుతున్నాను. చదివాక ఒకసారి మీ చేతులు చూసుకోండి. మీ ఇంట్లో బట్టలుతికే మనిషి చేతులూ చూడండి.