మెడ మోసే బరువు

మానవుని మెడలో 7 వెన్నుపూసలున్నాయి. తల అటూ ఇటూ తిరగడంలో దాదాపు సగభాగం పై రెండు పూసల మధ్యనే జరుగుతుంది. సుమారు 5 కిలోల బరువుండే తల ముందుకు వంగినకొద్దీ, దానిని నిలిపి ఉంచే వెనుక కండరాల శ్రమ హెచ్చుతుంది. మా మదరసాలలో గంటల తరబడి రెహల్‌పై వంగి దివ్య ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసే పిల్లలకు ఈ శ్రమ నిత్యకృత్యం. చెప్పుకుంటే చదువుపై అశ్రద్ధ అనుకుంటారేమోనని వారు నొప్పిని దాచుకోవడం మేము గమనిస్తున్నాము. కనుక పెద్దలమే అడగాలి. రెహల్‌ను ఎత్తుపై ఉంచాలి. అరగంటకొకసారి పిల్లలను లేవనివ్వాలి. నెలల తరబడి మెడపట్టీ ధరిస్తే కండరాలు బలహీనపడతాయి; ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామమే మేలు. చేయి తిమ్మిరెక్కినా, పట్టు సడలినా, నడక తడబడినా జాగు చేయక వైద్యునికి చూపించాలి. గ్రంథాన్ని గౌరవించడమంటే, దానిని హృదయంలో మోసే బిడ్డను కాపాడుకోవడం కూడా.