పిల్లల పుస్తకములపై పెద్దల పెత్తనము

పిల్లలకు పెట్టు భోజనము వారి యాకలిని బట్టి యుండవలెనని యెల్లరు నంగీకరింతురు. పిల్లల పఠనము మాత్రము పెద్దల రుచిని బట్టి యుండవలెననుటకు మన యిండ్లలో నెవరును సంకోచింపరు. తండ్రి పరీక్షకు పనికివచ్చు గ్రంథమును దెచ్చును. తాత నీతికథలను దెచ్చును. తల్లి పొరుగింటి బిడ్డ చదివినదానిని దెచ్చును. చదువవలసిన బిడ్డను మాత్ర మడుగువారు లేరు. తుదకు ఆ పుస్తకములు మూలబడియుండగా "ఈ కాలపు పిల్లలు చదువరు" అని నింద మోపుదుము. ఈ నింద యన్యాయమనియు, దోషము మనదే యనియు నా వాదము.

ముందుగా నా తప్పు నొప్పుకొందును. సికిందరాబాదున మారేడుపల్లిలో మా చెల్లెలి కూతురు పండ్రెండేండ్లది కలదు. ఒక వేసవి సెలవులలో ఆమె జూల్ వెర్న్ వ్రాసిన సముద్రగర్భ యాత్రాకథను తెలుగు సంక్షేపమున చదువుచు, "నీళ్ల కింద అన్ని దినాలుంటే వాళ్లకు గాలి ఎట్ల, మామయ్యా?" అని నన్నడిగెను. నాకు సమాధానము తెలియదు. తెలియదని చెప్పుటకు నామోషి పడి, "ఇవన్నియు కట్టుకథలు, కాలము వృథా" యని గద్దించి, ఆ పుస్తకమును దీసికొని, బాల్యమున నాకు ప్రియమైన నీతికథల సంపుట మామె చేతి కిచ్చితిని. వారము గడచిన పిమ్మట వెళ్లి చూడగా ఆ సంపుటము మూడవ పుటయొద్ద మడతతో కిటికీలో పడియుండెను. పిల్ల సెల్‌ఫోను చూచుకొనుచుండెను. నన్ను మరి యేమియు నడుగలేదు. ఇంటికి వచ్చి వెర్న్ కథను నేనే చదివితిని. ఆమె ప్రశ్నకు సమాధాన మందే యున్నది: ఆ యోడ యప్పుడప్పుడు నీటిపైకి వచ్చి క్రొత్తగాలిని నింపుకొనును. నేనడ్డుపడకున్నచో పిల్ల తానే దానిని కనుగొనియుండెడిది.

సైన్సు ఫిక్షనని పిలువబడు శాస్త్రకల్పన కథలపై మనవారి యాక్షేపణలు ముఖ్యముగా మూడు.

మొదటిది, అవి యబద్ధము లనుట. అమ్మమ్మ కథలో కీలుగుఱ్ఱ మాకాశమున నెగిరినప్పుడు మన మాక్షేపించితిమా? ఆ కథయు నబద్ధమే. కాని దానిలో కీలు నొక్కగానే గుఱ్ఱ మెగురును; ఎట్లని యడిగిన బిడ్డకు "ఊఁ కొట్టు" అనుటయే సమాధానము. శాస్త్రకల్పన చేయువాడో, ఆ కీలులో నేమున్నదో చెప్పుటకు బద్ధుడు. వెర్న్ యోడ విద్యుచ్ఛక్తితో నడచును. ఆ శక్తి యెచ్చటిదో యతడు లెక్క చెప్పవలసియే యుండెను. కారణ మడుగు నలవాటు బిడ్డకు కలుగుట మన కిష్టము లేదా?

రెండవది, అందలి శాస్త్రము తప్పనుట. తప్పే కావచ్చును. 1865లో వెర్న్ తన మనుష్యులను ఫిరంగిలో బెట్టి చంద్రునివైపు కాల్చెను. అట్టి కుదుపునకు వారు తత్క్షణమే నుగ్గగుదురు. అయినను వా డెన్నుకొన్న ఫ్లారిడా నుండియే 1969లో రాకెట్టుపై మనుష్యులు బయలుదేరి చంద్రునిపై దిగిరి. ఊహలో నేది నిలిచినది, ఏది వీగిపోయినదని తెలిసికొనుటకంటె మంచి పాఠము వేరొకటి కలదా? ఒప్పులనే కంఠస్థము చేసిన పిల్ల కెన్నడును తప్పు పట్టుట రాదు.

ఈ మాట సికిందరాబాదు వారికే చెప్పవలసి వచ్చుట వింత. మలేరియాను దోమలు మోయునేమో యని 1894లో పాట్రిక్ మాన్సన్ రొనాల్డ్ రాస్‌తో ననినప్పుడు అది కేవల మూహ. అందులో సగము తప్పు. దోమలు చచ్చిపడిన నీరు త్రాగుటచే జ్వరము వచ్చునని మాన్సన్ తలచెను. రాస్ రెండేండ్లు పనికిరాని జాతుల దోమలను కోసి కోసి విసిగెను. తుదకు హుసేన్ ఖాను అను రోగికి దోమ కొక్కయణా చొప్పున నిచ్చి, వేరొక జాతి దోమలచే కుట్టించి, 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో దోమ కడుపుగోడపై మలేరియా క్రిమిని గాంచెను. 1902లో నోబెల్ బహుమానము నందెను. ఆ రాస్ నవలలు గూడ వ్రాసిన వాడే! ఈ పరిశోధన చుట్టు అల్లిన అమితావ్ ఘోష్ నవల "ది కలకత్తా క్రోమోజోమ్"కు శాస్త్రకల్పనల కిచ్చు ఆర్థర్ క్లార్క్ బహుమానము 1997లో లభించినది. మన వీధిలో జరిగిన పని ఆంగ్లమున నవలయై బహుమతి గొనినది. బేగంపేట దారిన దినదినము బడికి బోవు మన బిడ్డలలో నెందరికి ఆ భవనమున నేమి జరిగెనో తెలియును?

మూడవది, ఇవి మగపిల్లల పుస్తకము లనుట. ఇది యన్నిటికంటె నవివేకము. 1818లో "ఫ్రాంకెన్‌స్టైన్" ప్రకటించి ఈ మార్గమునకు దారి తీసిన మేరీ షెల్లీకి అప్పు డిరువదేండ్లు. రాజమహేంద్రవరమున బుట్టిన కమలా సత్యనాథన్ మద్రాసు నుండి నడపిన స్త్రీల పత్రికలో 1905లో రొకియా హుసేన్ "సుల్తానా స్వప్నము"ను ఆంగ్లమున వ్రాసెను. అందు స్త్రీలు మేఘముల నుండి నీటిని దీసికొందురు; సూర్యుని వేడిని గూర్చి దాచుకొందురు; పురుషులు ఘోషాలో నుందురు. అంతకు ముందే కందుకూరి వీరేశలింగము పంతులుగారు "సత్యరాజా పూర్వదేశ యాత్రల"లో ఆడుమళయాళమును గల్పించి, స్త్రీల కష్టములన్నియు పురుషుల నెత్తిన బెట్టి చూపిరి. అది శాస్త్రకథ గాదు, కాని "ఇట్లైనచో?" యను ప్రశ్న యొక్కటే. ఆచారమును ప్రశ్నించుటయు, ప్రకృతిని ప్రశ్నించుటయు నొకే తల్లి బిడ్డలు. 1906లో హైదరాబాదున స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రగ్రంథములతో బాటు నవలలను గూడ ప్రకటించినది. శాస్త్రమునకు కథకు వైరము కల్పించినవారము మనమే.

ఇంత వాదించి, ప్రతి బిడ్డయు శాస్త్రకథలనే చదువవలెనని శాసించినచో నేనును పాత పెత్తనమునే క్రొత్త పేర చేసినవాడ నగుదును. రుచి యెవరిది వారిది. నక్షత్రములలో యుద్ధములు చేయు కథలు నా కిప్పటికిని విసుగు. లోకములో నొక్క సంగతి మాత్రము మారి, దానివలన నొక్క యిల్లెట్లు మారెనో చెప్పు కథ నాకిష్టము. నా మేనకోడలికి దీనికి విపర్యయముగా నుండవచ్చును. ఆమె తమ్మునికి దొంగలను బట్టుకొను కథలే ప్రాణము. నచ్చని పుస్తకమును నడుమ విడుచుటకు, నచ్చినదానిని పదిమార్లు చదువుటకు బిడ్డకు హక్కు కలదు. ఏరుకొనక రుచి యేర్పడదు.

కావున చదువరులారా, నా మనవి స్వల్పము. మాసమున కొకసారి బిడ్డను పుస్తకముల యంగడికి గాని గ్రంథాలయమునకు గాని తీసికొనిపోయి, దూరముగా నిలువుడు. ఏరుకొన్నది మీ కసహ్యమైనను ముందు మీరును చదువుడు, పిమ్మట వాదింపుడు. బిడ్డ యడిగిన ప్రశ్నకు తెలియనిచో తెలియదని చెప్పుడు. కలము పట్టువారలారా, మన పిల్లలకు మన యూరి శాస్త్రకథలను తెలుగున వ్రాయుడు. హుస్సేన్‌సాగరము ఒక యుదయమున త్రాగదగినంత నిర్మలమైనచో నేమగును? దోమయే లేని సికిందరాబా దెట్లుండును? ఇట్టి ప్రశ్నలకు ఇంగ్లండు పోనక్కరలేదు.

నేను వెర్న్ పుస్తకమును తిరిగి మారేడుపల్లికి గొనిపోతిని. గాలి సంగతి చెప్పలేదు. "ఆనాడు నాకు తెలియదు, చెప్పుటకు సిగ్గుపడితిని" అని మాత్రము చెప్పితిని. పిల్ల నావైపు కొంతసేపు చూచి, పుస్తకము నందుకొని, తాను విడిచిన పుటను వెదకుకొనెను.