చచ్చుబడింది చెయ్యేనా?

పక్షవాతం వచ్చినవాళ్ళ గురించి మనవాళ్ళు వాడే మాటొకటి నాకస్సలు నచ్చదు. "చెయ్యి చచ్చుబడిపోయింది" అంటారు. నిజానికి దెబ్బ తగిలింది చేతికి కాదు, మెదడుకి. మా భాషలో చెప్పాలంటే ప్రింటర్ బానే ఉంది, దానికి ఆర్డరిచ్చే ప్రోగ్రామే పాడైంది.

ఇంకో చిత్రం. మెదడు కుడివైపు దెబ్బతింటే కొందరికి ఎడమవైపు ప్రపంచమే ఆనదు. కంచంలో ఆ పక్కనున్న కూర అలాగే వదిలేస్తారు. కొద్దిమందైతే తమ చేతినే చూసి "ఇది నాది కాదు" అంటారు. మతిపోయి కాదండీ, ఈ ఒళ్ళు నాది అనే లెక్క వేసేది కూడా మెదడే. 1998లో బాట్వినిక్, కొహెన్ అనే ఇద్దరు మామూలు మనుషులకే రబ్బరు చెయ్యి తమదనిపించేలా చేశారు. అసలు చేతిని కనపడకుండా పెట్టి, రెంటినీ ఒకేసారి కుంచెతో నిమిరారు, అంతే!

అసలు విషయానికొస్తే, వాడకపోవడం కూడా మెదడు నేర్చుకుంటుందని ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త చెప్పారు. అడిగిన ప్రతిసారీ చెయ్యి మొరాయిస్తే, ఇక అడగడమే మానేస్తుందట. అందుకే ఆయన పద్ధతిలో బాగున్న చేతికి తొడుగు వేసి, పనులన్నీ రెండో చేత్తో చేయిస్తారు. 2006లో వెలువడిన ఎక్సైట్ అధ్యయనంలో 222 మంది పాల్గొన్నారు. రెండు వారాలు ఇలా చేసినవాళ్ళలో మెరుగుదల ఏడాది తర్వాతా నిలిచింది. కాకపోతే మణికట్టు, వేళ్ళు కాస్తైనా కదిలేవాళ్ళకే ఇది పనికొస్తుంది.

మరి మనిళ్ళలో? కుడిచెయ్యి పడిపోతే, ఎడంచేత్తో తినకూడదు కాబట్టి అన్నం కలిపి నోట్లో పెడతాం. ఎడంచెయ్యి పడిపోతే, దానికసలే పని తక్కువ, దుప్పటికింద దాచేస్తాం. మా పెదనాన్నగారిని గ్లాసు పట్టుకోమని చెప్పి ఫిజియోథెరపిస్టు అటు వెళ్ళగానే, మా పెద్దమ్మ ఆ గ్లాసు లాక్కుని తనే తాగించేది. ప్రేమే, కాదన్ను. కానీ ఆ ప్రేమ "నీకు చెయ్యి లేదు" అని మెదడుకి మూడుపూటలా చెప్తోంది.

నా ఉద్దేశంలో ఇంట్లోవాళ్ళు చెయ్యాల్సింది సేవకంటే ముందు ఓపిక పట్టడం. చొక్కా గుండీకి పావుగంట పట్టనివ్వండి. ఏ పని చేయించాలో ఫిజియోథెరపిస్టునే అడగండి. లేపేటప్పుడు మాత్రం ఆ చెయ్యి పట్టుకుని లాగకండి, భుజం దెబ్బతింటుంది.

ఒలికిన అన్నం తుడుచుకోవచ్చు. మానేసిన అలవాటు తిరిగి తెచ్చుకోవడమే కష్టం. ఏమంటారు?