ఆ చెవి అజాన్ విన్నదా?

మన ఇళ్ళలో బిడ్డ పుట్టగానే కుడి చెవిలో అజాన్ పలుకుతాం. ఈ లోకంలో ఆ పసికందు మొట్టమొదట వినవలసింది సృష్టికర్త నామమే అన్నది మన భావన. బంధువులు దుఆ చేస్తారు, మిఠాయి పంచుతాం, ఏడో రోజున అఖీఖా జరుపుతాం. అయితే ఒక్క ప్రశ్న మాత్రం ఎవరమూ వేయం. ఆ అజాన్ బిడ్డకు వినిపించిందా?

కొన్నాళ్ళ క్రితం సదరం ధ్రువపత్రానికి అర్జీ రాయించుకోవడానికి ఒక తండ్రి తన నాలుగేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చారు. బిడ్డకు మాటలు రాలేదు. పుట్టుకతోనే చెవులు వినిపించవని ఆ మధ్యనే తేలింది. ఇంతకాలం ఎందుకు చూపించలేదని అడిగితే, "మా అబ్బాజాన్‌కు కూడా ఆలస్యంగానే మాటలు వచ్చాయట సాబ్, వీడికీ వస్తాయనుకున్నాం" అన్నారు. కాన్పు జరిగిన ఆసుపత్రిలో ఎవరూ ఆ చెవులను పరీక్షించలేదు. టీకాలకు వెళ్ళినప్పుడు ఎవరూ అడగలేదు. వారి వాడలో అంగన్‌వాడీ కేంద్రమే లేదు. అర్జీ రాసి ఇచ్చాం. ఆ కాగితం పింఛను తేగలదు. గడచిపోయిన నాలుగేళ్ళను తేలేదు.

వినికిడి లోపాన్ని మొదటి నెలలోపు పరీక్షించి, మూడో నెలలోపు నిర్ధారించి, ఆరో నెలలోపు తగిన చర్య మొదలుపెట్టాలన్నది వైద్యులు పాటించే సూత్రం. బిడ్డ నిద్రలో ఉండగానే కొద్ది నిమిషాల్లో నొప్పి లేకుండా ముగిసే పరీక్ష అది. ఇంత తొందర ఎందుకంటే చెవిలో మొదలైన లోపం చెవితో ఆగదు. శబ్దమో, సంజ్ఞో ఏదో ఒక రూపంలో భాష అందని మెదడు భాష నేర్చుకునే వయసును దాటిపోతుంది. ఆ తర్వాత వినికిడి యంత్రం పెట్టినా, శస్త్రచికిత్స చేసినా ఫలితం అంతంత మాత్రమే.

మన హక్కుల ఉద్యమం ఆత్మవిమర్శ చేసుకోవలసిన చోటు ఇదే. 2007లో చట్టరూపం దాల్చిన 4 శాతం రిజర్వేషన్ కోసం వీధుల్లోనూ, న్యాయస్థానాల్లోనూ ఏళ్ళ తరబడి పోరాడాం. ఉపకార వేతనాలు, గురుకులాలు, ఉర్దూ ఉపాధ్యాయుల ఖాళీలు మన తీర్మానాల్లో ఎప్పుడూ ఉంటాయి. అవన్నీ న్యాయమైన కోర్కెలే. కాని అవన్నీ బడి గడప దగ్గర మొదలవుతాయి. బిడ్డ మెదడు అంతవరకు ఆగదు. పుట్టిన రోజున పెద్దవారి మెదడులో సుమారు నాలుగో వంతు ఉండే మెదడు, రెండేళ్ళు నిండేసరికి దాదాపు నాలుగింట మూడు వంతులకు చేరుతుంది. గర్భం నిలిచిన నాటి నుంచి రెండో పుట్టినరోజు వరకు లెక్కవేస్తే సుమారు వేయి రోజులు. ఆ వేయి రోజుల్లో పోగొట్టుకున్నదాన్ని పదిహేడో ఏట కళాశాలలో సీటు ఇచ్చి పూడ్చలేం.

2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదికను మనం ఉద్యోగాల శాతాల కోసమే తిరగేస్తుంటాం. అందులోనే మరో విషయం ఉంది. శిశు మరణాలు ముస్లింలలో దేశ సగటు కంటే తక్కువ. అదే సమయంలో వయసుకు తగిన ఎత్తు పెరగని పిల్లలు మనలో ఎక్కువ. అంటే మన బిడ్డలు బతుకుతున్నారు, ఎదగడం దగ్గర వెనుకబడుతున్నారు. మొదటి రెండేళ్ళలో ఎత్తు ఆగిపోయిందంటే మెదడుకు అందవలసినదీ అందలేదేమోనని అనుమానించాలి.

ఆ నష్టంలో చాలా భాగం చిన్న చిన్న చోట్ల జరుగుతుంది. బిడ్డ వెన్నుపాము, మెదడు తొలి రూపు దిద్దుకునేది గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లో. చాలామంది తల్లులకు అప్పటికింకా ఆ సంగతే తెలియదు. అందుకే ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం నిర్ధారణ అయ్యాక కాదు, దానికి ముందే మొదలుకావాలి. ఇక రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం, ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లలలో 67 శాతం రక్తహీనులు. ఇనుము మెదడు ఎదుగుదలకు కావలసిన ధాతువు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలు ఏ రక్తంతో బిడ్డకు మెదడును పోయగలదు?

పుట్టుకతో థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని పిల్లలు మన దేశంలో సుమారు వేయి మందికి ఒకరు ఉంటారు. పుట్టినప్పుడు చూడటానికి బాగానే కనిపిస్తారు. మడమ నుంచి తీసిన రక్తపు చుక్క ఆ లోపాన్ని పట్టిస్తుంది. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలైతే ఆ బిడ్డ తక్కినవారిలాగే చదువుకుంటాడు. నెలల తరబడి ఆలస్యమైతే తెలివితేటలకు కలిగే నష్టం తిరిగి రాదు. రోజుకు ఒక్క మాత్ర ఖరీదుతో తప్పిపోయే వైకల్యం అది.

పసికందుల కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. కాని మొదటి 24 గంటల్లోనే ఒళ్ళు పచ్చబడినా, పచ్చదనం అరచేతులకు, అరికాళ్ళకు పాకినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. ఆ పచ్చని పదార్థం మితిమీరితే మెదడులోకి చొరబడి వినికిడిని, కదలికలను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. నీలికాంతి కింద పడుకోబెడితే అనేకసార్లు సరిపోయే చికిత్సను వదిలి, పసరు కోసమో, ఉదయపు ఎండ కోసమో రోజులు వృథా చేయరాదు. కొందరు పిల్లలకు పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. పెట్టెలో కలరా ఉండల మధ్య దాచిన దుస్తులు తొడిగితే ఆ వాసనకే వారి రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి.

మన ఆచారాల గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. బజారులో దొరికే సుర్మాలలో అనేకం సీసపు ఖనిజంతో తయారైనవి. పసికందు కన్ను నలిపి చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. ఆ సీసం రక్తంలో కలిసి మెదడుకు చేరుతుంది. పిల్లల శరీరంలో సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదు. పసివారి కళ్ళకు సుర్మా పెట్టకపోతే దీన్‌కు వచ్చే లోటేమీ లేదు. దగ్గరి బంధువుల మధ్య వివాహాలు దక్షిణాదిలో అన్ని మతాలవారిలోనూ ఉన్నవే. అటువంటి దంపతులకు పుట్టిన బిడ్డల చెవులను, ఎదుగుదలను మరింత శ్రద్ధగా పరీక్షించుకోవాలి.

వైకల్యం ఉన్న బిడ్డ ఏ విధంగానూ తక్కువ కాదు, ఆ బిడ్డ కూడా అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్తే. కాని ఆపగలిగిన నష్టాన్ని ఆపకుండా దానికి తఖ్దీర్ అని పేరు పెట్టడం అమానత్‌ను కాపాడటం కాదు. ఖుర్ఆన్‌లో అల్ బఖరా సూరా 233వ ఆయత్ తల్లి రెండేళ్ళు పాలివ్వడం గురించి చెబుతూనే, ఆమె అన్నవస్త్రాల బాధ్యతను తండ్రిపై ఉంచింది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రంజాన్ ఉపవాసాల్లో వెసులుబాటు ఉంది. మన ధర్మం ఆ వేయి రోజుల విలువను గుర్తించింది. మనమే మరచిపోయాం.

ఇక ప్రభుత్వం వైపు చూద్దాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే లోపాలను, పోషక లోపాలను, వ్యాధులను, ఎదుగుదలలో ఆలస్యాన్ని పుట్టిన నాటి నుంచే గుర్తించాలని నిర్దేశించింది. వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వెళ్ళి పిల్లలను పరీక్షించాలి. అనుమానం ఉన్నవారిని జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఖర్చు ప్రభుత్వానిదే. ఆశా కార్యకర్త పుట్టిన బిడ్డను నలభై రెండు రోజుల్లోపు పలుమార్లు ఇంటికి వచ్చి చూడాలి. వాడలో అంగన్‌వాడీయే లేకపోతే ఆ బృందం ఎక్కడికి వస్తుంది? గుడ్డు, పాలు, తూకం, పరీక్ష అన్నీ ఆ ఒక్క గదితో ముడిపడి ఉన్నాయి.

ఆ గది మనకు ఎవరో దయతలచి ఇవ్వవలసింది కాదు. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో స్పష్టమైన ఉత్తర్వు ఇచ్చింది. ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని గ్రామీణ ఆవాసమైనా, మురికివాడైనా కేంద్రం కోరవచ్చు. కోరిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. అదే ఏడాది కేంద్రం ప్రకటించిన ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమంలో మొట్టమొదటి సూత్రం కూడా మైనారిటీలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు ఈ సేవల్లో న్యాయమైన వాటా ఇవ్వడమే. మొదటి సూత్రాన్ని వదిలి తక్కిన సూత్రాల కోసం ఎన్ని మహజర్లు సమర్పించామో లెక్కలేదు.

కాబట్టి ప్రతి మస్జిదు కమిటీ ఒక పని చేయాలి. తమ మొహల్లాలో ఆరేళ్ళలోపు పిల్లల పట్టిక తయారు చేయాలి. నలభై మంది దాటి కేంద్రం లేకపోతే ఆ పట్టికను జతచేసి, పై ఉత్తర్వు తేదీని ఉటంకిస్తూ సీడీపీఓకు, జిల్లా స్త్రీ శిశు సంక్షేమ అధికారికి అర్జీ ఇవ్వాలి. రసీదు లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానమని మాత్రం గుర్తుంచుకోవాలి. మూడు నెలలు గడిస్తే సమాచార హక్కు చట్టం కింద ఆ అర్జీ ఏమైందని అడగాలి. కేంద్రం ఉన్నచోట వైద్య బృందం చివరిసారి ఎప్పుడు వచ్చిందో రిజిస్టరు చూపించమనాలి. ఇమాములు జుమా ప్రసంగంలో నెలకొకసారి తండ్రులకు గుర్తుచేయాలి. బిడ్డ రెండు నెలలకు ముఖం చూసి నవ్వుతున్నదా, నాలుగు నెలలకు మెడ నిలిపిందా, తొమ్మిది నెలలకు ఊతం లేకుండా కూర్చున్నదా, ఏడాదికి పేరు పిలిస్తే తిరుగుతున్నదా, ఏడాదిన్నరకు నడుస్తున్నదా? వీటిలో దేనికి 'లేదు' అని జవాబు వచ్చినా చూపించుకోవాలి, ఎదురు చూడరాదు.

హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆసుపత్రి పుట్టుకను తలచుకుందాం. ఏడవ నిజాం కోడలైన యువరాణి నీలోఫర్ తన పరిచారిక ప్రసవంలో మరణించడం చూసి చలించిపోయారు. మరో తల్లికి ఆ గతి పట్టరాదన్న ఆమె పట్టుదల నుంచి 1953లో ఆ ఆసుపత్రి వెలసింది. నేటికీ మతం అడగకుండా రెండు రాష్ట్రాల తల్లులు తమ బిడ్డలను ఎత్తుకుని అక్కడికే పరుగెత్తుతారు. ఒక పేద స్త్రీ మరణాన్ని విధి అని వదిలేయకపోవడం వల్ల కలిగిన మేలు అది.

మన దగ్గరకు అర్జీ కోసం వచ్చిన ఆ నాలుగేళ్ళ బాలుని మరణంలేని నష్టాన్ని కూడా విధి అని వదిలేయవద్దు. ఇకపై బిడ్డ చెవిలో అజాన్ పలికిన నెలలోపే ఆ చెవిని పరీక్షింపజేద్దాం. పిలుపు ఇచ్చినవారికి ఎంత పుణ్యమో, అది అందిందో లేదో చూసినవారికీ అంతే పుణ్యమని నమ్ముదాం.