పునఃపరీక్షకు అదను

ఏటేట నవంబరు మాసమున కృష్ణా డెల్టాలో సార్వా కోతలు సాగుచున్న దినములలోనే ఐ.ఐ.ఎం.ల ప్రవేశపరీక్షయగు క్యాటు జరుగుచున్నది. ధాన్యము ఇల్లు చేరు వేళకు పిల్లవాని పరీక్షాఫలమును ఇల్లు చేరుచున్నది. ఆశించిన పర్సెంటైలు రాని యింట అప్పుడొక ప్రశ్న పుట్టును: దొరకిన కళాశాలలో చేరుటయా, మరల పరీక్ష వ్రాయుటయా? ఈ ప్రశ్నకు విజయవాడలోను, గుడివాడ, మచిలీపట్నము, తెనాలి ప్రాంతములందును పెద్దలు సాధారణముగ చెప్పు సమాధానము ఒక్కటే: "ఇంకొక ఏడు కూర్చుండి చదువుము." ఈ సమాధానము అందరికిని తగినది కాదనియు, పెక్కుర విషయమున హానికరమనియు మా యభిప్రాయము.

ఇట్టి సమాధానము మనకు వైద్యవిద్యనుండి వచ్చినది. విజయవాడ అనేక సంవత్సరములుగ ఇంటర్మీడియేటు చదువునకును, ప్రవేశపరీక్షల శిక్షణకును పేరుపడిన పట్టణము. వైద్యకళాశాలలో సీటు రానివారు 'లాంగుటర్ము' అను పేర వసతిగృహమున ఒక ఏడు కూర్చుండి మరల పరీక్ష వ్రాయుట ఇక్కడ ఆచారమై పోయినది. ఆ విద్యకు ఆచారము తగియే యున్నది. అచట సీటు నిచ్చునది పరీక్షలోని ర్యాంకు. నడుమ గడచిన యేడు ఏమి చేసితివని యడుగువారు లేరు. ఎం.బి.ఏ. ప్రవేశములు ఈ విధముగ జరుగుట లేదు. ఒకదాని ఆచారమును మరియొకదానికి తగిలించుటయే మనవారు చేయుచున్న పొరపాటు.

1961లో కలకత్తాయందును, అహమ్మదాబాదునందును వెలసిన ఐ.ఐ.ఎం.లు మొదలు 2015లో మన విశాఖపట్టణమున వెలసినదానివరకు, ఈ సంస్థలు క్యాటు మార్కును ద్వారముగ మాత్రమే యెంచుచున్నవి. ద్వారము దాటినవానికి ఇంటర్వ్యూ గలదు. అభ్యర్థి పదవతరగతి, ఇంటర్మీడియేటు, డిగ్రీ మార్కులకును, ఉద్యోగానుభవమునకును ఆయా సంస్థలు తమతమ పద్ధతుల ననుసరించి విలువ కట్టుచున్నవి. మరల వ్రాసిన మారునది క్యాటు మార్కొక్కటియే. ఇంటర్మీడియేటు మార్కులు మారవు. మాటనేర్పు తానై రాదు. కావున మొదట విచారింపవలసినది, లోపమెచ్చట నున్నదను విషయము.

లోపము పరీక్షయందే యున్నచో మరల వ్రాయుట న్యాయమే. క్యాటు రెండు గంటల పరీక్ష. ఆంగ్లపఠనము, దత్తాంశముల విచారణ, గణితము అను మూడు భాగములకును నలువదేసి నిమిషములు చొప్పున నియమింపబడినవి. రెండు భాగములలో చక్కగ వ్రాసి మూడవదానిలో తడబడినవానికిని, అనారోగ్యమున వ్రాసినవానికిని, చాలినంత సాధన లేక వ్రాసినవానికిని రెండవ ప్రయత్నము తప్పక ఫలించు నవకాశమున్నది. మన పిల్లలకు మరియొక లోపము గలదు. మన రాష్ట్రపు ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో గాని, ఐసెట్టులో గాని తప్పునకు మార్కు తగ్గింపు లేదు. తెలియని ప్రశ్నకుకూడ ఏదో యొక జవాబు పెట్టివచ్చుట వారికి అలవాటు. క్యాటులో ఒప్పునకు 3 మార్కులు. ఎంపికజవాబుల ప్రశ్నలలో తప్పునకు 1 మార్కు కోత. ఊహించి గుర్తించు నలవాటు వదలనివాడు ఎన్ని యేండ్లు కూర్చున్నను మెట్టు ఎక్కజాలడు. వదలినవాడు కొద్దినెలలలోనే మార్పు చూపగలడు.

పర్సెంటైలను మాటను గూర్చియు తలిదండ్రులకు స్పష్టత యుండవలెను. అది నూటికి వచ్చిన మార్కు కాదు. తనకంటె వెనుకబడినవారి వంతు. 2024లో క్యాటు వ్రాసినవారు సుమారు 2.93 లక్షలమంది. అందు 98వ స్థానమునుండి 99వ స్థానమునకు పోవుట యనగా దాదాపు 2,900 మందిని దాటుట. అట్లు దాటవలసినవారును మరుసటియేడు ఊరకుండరు. వారిలో పెక్కురు మరల వ్రాయువారే. కావున "కొద్దిలో తప్పినది, వచ్చేయేడు తప్పక వచ్చును" అను మాటను లెక్కచూచి యనవలెనే కాని ఓదార్పునకై యనరాదు. ఇంటివద్ద వ్రాసిన నమూనా పరీక్షలలో మార్కు క్రమముగ పెరుగుచున్నదా, ఒక్కచోటనే నిలిచినదా యనునది చూచినచో సత్యము తెలియును.

రెండవ విచారము మార్కు ఆయువును గూర్చినది. క్యాటు మార్కు ఆ యేటి ప్రవేశములకే చెల్లును. మరుసటియేటికి అది చెల్లని నాణెము. జీమ్యాటు మార్కో ఐదేండ్లు చెల్లును. మొదటిసారి తక్కువవచ్చినచో పదునారు దినముల పిదప మరల వ్రాయవచ్చును. పండ్రెండు నెలలలో ఐదుసార్లవరకు వ్రాయవచ్చును. తానెంచుకొన్న మార్కునే విద్యాలయములకు పంపుకొనవచ్చును. అనగా క్యాటులో పునఃపరీక్ష ఒక సంవత్సరపు వ్యవహారము. జీమ్యాటులో అది కొద్దివారముల వ్యవహారము. ఈ భేదము తెలియక, విదేశములకు పోదలచినవాడును క్యాటు వ్రాయువానివలెనే ఏడాదిపాటు ఉద్యోగము మాని కూర్చుండుట మేము చూచుచున్నాము. అది నిష్కారణముగ కాలమును పారబోయుటయే.

హైదరాబాదులో 2001లో తరగతులు ప్రారంభించిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తన ప్రధానమైన యేకవర్ష విద్యకు కనీసము 24 నెలల ఉద్యోగానుభవమును కోరుచున్నది. అమెరికాలోని పేరెన్నికగన్న విద్యాలయములలో చేరువారికి సగటున నాలుగైదేండ్ల యనుభవము ఉండుచున్నది. ఇట్టిచోట్లకు పోదలచినవాడు చదువుల యలవాటు తప్పకముందే, డిగ్రీ ముగిసిన దినములలోనే జీమ్యాటు వ్రాసి మార్కును దాచుకొని, రెండుమూడేండ్లు ఉద్యోగము చేసి, అటుపిమ్మట దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పరీక్షకు అదను వేరు. దరఖాస్తునకు అదను వేరు. మన రైతునకు ఈ విషయము క్రొత్త గాదు. నారు పోయుటకొక వేళ, నాటుటకొక వేళ యున్నవి. లేతనారు నాటిన నిలువదు. ముదురునారు నాటిన పిలకలు వేయదు. అనుభవము లేని దరఖాస్తు లేతనారు. ఏండ్లతరబడి పరీక్షలతోనే గడపినవాని దరఖాస్తు ముదురునారు.

విదేశపు దరఖాస్తులకు విడతలు గలవు. తొలివిడత సెప్టెంబరు ప్రాంతమునను, రెండవది జనవరి మొదటి దినములలోను ముగియును. కడపటి విడతవరకు ఆగినచో సీట్లును విద్యార్థివేతనములును తరుగును. వీసాకు వ్యవధియు చాలదు. మార్కు నింకను కొంచెము పెంచుకొనవలెనను తపనతో తొలివిడతను పోగొట్టుకొనుటకంటె, ఉన్న మార్కు మంచిదైనచో వేళకు పంపుటయే మేలు. మార్కు నిజముగ చాలనిదైనచో మాత్రము కడపటి విడతకు పరుగెత్తక, మరుసటియేటి తొలివిడతకు నిలుపుకొనుట వివేకము.

ఇక క్యాటునకై ఏడు నిలుపుకొనువారి మాట. ఆ యేడు ఏమి చేయవలెను? గదిలో కూర్చుండి పుస్తకములు తిరుగవేయుట చాలదు. ఇంటర్వ్యూలో మొదట వచ్చు ప్రశ్న ఆ యేటిని గూర్చినదే. మన డెల్టాలో పని నేర్పు బడులు కొల్లలు. కైకలూరు చేపల చెరువులు, ఊరూర బియ్యపుమిల్లులు, పెడన కలంకారీ అద్దకము, విజయవాడ ఆటోనగరు కర్మశాలలు, ఇవియన్నియు వ్యాపారనిర్వహణకు ప్రత్యక్షపాఠములే. 2025 ఆగస్టులో అమెరికా విధించిన అధికసుంకములు మన రొయ్యలరైతును ఎట్లు తాకినవో, మేత అరువు ఎట్లు నడచునో, ఐసుఖర్చు ఎవరిపై పడునో స్వయముగ లెక్కవ్రాసి యెరిగిన యువకుడు ఏ ఐ.ఐ.ఎం. ఆచార్యుని యెదుటనైనను ధైర్యముగ మాటలాడగలడు. తండ్రి మిల్లులో ఆరునెలలు ఖాతాలు చూచుట, ఒక కంపెనీలో చిన్న ఉద్యోగము చేయుట, రెండును అక్కరకు వచ్చునవే.

పనిచేయుచు చదువుట సాధ్యమా యని కొందరు శంకింతురు. పట్టు విడువని విక్రమార్కునివలె ఒక్కదానినే పట్టుకొనవలెనందురు. క్యాటు గణితము చాలవరకు పాఠశాలలో చెప్పిన అంకగణితము, బీజగణితము, రేఖాగణితములపై నిలిచినది. దానికి దినమునకు రెండుగంటల నియమమైన సాధన పెక్కురకు చాలును. మన పిల్లలను వెనుకకు లాగునది తరచుగ ఆంగ్లపఠనము. అది వసతిగృహమున కూర్చున్నంతమాత్రమున అబ్బునది కాదు. ఏండ్లతరబడి దినపత్రికలు, గ్రంథములు చదువుటవలన వచ్చునది. విక్రమార్కుడును పట్టు విడువలేదు సరే, రాజ్యపాలన మానలేదు.

ఆడుపిల్లల విషయము ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. మన యిండ్లలో కుమారునకు మూడవ ప్రయత్నమైనను దొరకును. కుమార్తెకు మొదటి ప్రయత్నము తప్పినవెంటనే సంబంధములు చూచుట మొదలగును. కొన్ని ఐ.ఐ.ఎం.లు ఎంపికలో స్త్రీలకు కొన్ని మార్కులు అదనముగ కలుపుచున్న ఈ దినములలో, ఆమెకు రెండవ అవకాశమును నిరాకరించుట న్యాయముగాదు, లెక్కప్రకారము లాభమును గాదు. ఒకే యింట ఒకే పరీక్షకు రెండు కొలతలు ఉండరాదు.

ఇంతవరకు ఆలస్యమును గూర్చి చెప్పితిమి. తొందరయు అంతే హానికరము. ఐసెట్టులో 200 మార్కులకు 50 వచ్చిన సామాన్యాభ్యర్థి అర్హుడగును. అర్హత వచ్చినదను సంతోషమున, ఏడు వ్యర్థముకాకూడదను భయమున, అధ్యాపకులు గాని ఉద్యోగములిచ్చు సంస్థల రాకపోకలు గాని లేని కళాశాలలో చేరినవారు ఒక యేటిని కాపాడుకొని రెండేండ్లను పోగొట్టుకొనుచున్నారు. ఐసెట్టు చిన్నదని మా భావము గాదు. 1926లో బెజవాడ కేంద్రముగనే ప్రారంభమై పిదప వాల్తేరు చేరిన ఆంధ్రవిశ్వవిద్యాలయమువంటి చోట్ల ఆ మార్గముననే చేరి వృద్ధికి వచ్చినవారు గలరు. స్వంత వ్యాపారము చూచుకొనదలచినవానికి స్వల్పవ్యయముతో నగు చదువు చాలును. చేరబోవు కళాశాలను స్వయముగ పోయి చూడవలెను. అచట చదివి వెడలినవారిని అడుగవలెను. ప్రకటనను చూచి చేరరాదు.

కడపట ధనము. పేరున్న ఐ.ఐ.ఎం.లలో రెండేండ్ల రుసుము ఇరువది లక్షలు దాటుచున్నది. ఈ మాట వినగానే మనవారి చూపు పొలముపై పడును. పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిన గడ్డ మనది. ఆ పేరు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమై పోయినను, బ్యాంకుఋణమును వివేకముతో వాడుకొను సంప్రదాయము విలీనము కానక్కరలేదు. 2024 నవంబరులో కేంద్రమంత్రివర్గము ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకముక్రింద, ఎంపికైన ఉత్తమ విద్యాసంస్థలలో ప్రవేశము పొందినవారికి హామీగాని తాకట్టుగాని లేకయే ఋణము లభించును. ఇందు తలిదండ్రులకు ఒక గీటురాయి గలదు. ఒక కళాశాలపేరు వినగానే బ్యాంకు తాకట్టు లేకయే ఋణమీయ సిద్ధపడినచో ఆ కళాశాలకు పరపతి యున్నదన్నమాట; భూమికాగితములు తెమ్మని యడిగినచో మరల నాలోచింపవలెను. చెరువుగట్టున నున్న అరయెకరము అమ్మి అనామకమైన కళాశాలకు కట్టుటకంటె ఒక యేడు ఆగుటయే మేలు.

మా సలహాను సంగ్రహించి చెప్పెదము. డిగ్రీ కడపటి సంవత్సరమున ఒకసారి క్యాటు వ్రాయవలెను. రానిచో ఉద్యోగమునందో స్వంతవ్యాపారమునందో ప్రవేశించి, పనిచేయుచు రెండవసారి వ్రాయవలెను. మూడవ ప్రయత్నము రెండవది మొదటిదానికంటె స్పష్టముగ మెరుగైనప్పుడే చేయవలెను. ఎన్నిసార్లు వ్రాయునదియు మొదటనే ఇంటిలో కూర్చుండి నిర్ణయించుకొనవలెను. ఫలితము వచ్చిన రాత్రి దుఃఖములో నిర్ణయింపరాదు. శిక్షణాలయములకు మా మనవి యొక్కటి. బెంజిసర్కిలువద్ద వ్రేలాడు నిలువెత్తు చిత్రములలో ర్యాంకులు కనిపించుచున్నవి. అది ఎన్నవ ప్రయత్నమున వచ్చినదో, ఆ నడుమ ఆ విద్యార్థి ఏమి చేసెనో కనిపించుట లేదు. ఆ రెండు సంగతులుకూడ అచట వ్రాసినచో, ఆ చిత్రమును చూచి పొలమమ్మ సిద్ధపడు తండ్రికి అంతకు మించిన ఉపకారము మరియొకటి లేదు.